ఆరాధనలో మనసు నిలవడం లేదంటున్న చెల్లెలికి

ప్రశ్న: అక్కా, మాది పల్నాడు వైపు ఒక కతోలిక విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే క్రైస్తవ సంఘం. ప్రతి నెలా మొదటి శుక్రవారం సాయంత్రం పూజ అయ్యాక దివ్యసత్ప్రసాదాన్ని, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పాన్ని, ఎదురుగా ఉంచి గంటసేపు ఆరాధన పెడతారు. మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా మైకులో పాటలు, స్తుతులు, కీబోర్డు. ఎప్పుడైనా రెండు నిమిషాలు నిశ్శబ్దం దొరికితే నా బుర్ర చీటీ డబ్బుల మీదికి, మా అబ్బాయి బ్యాక్‌లాగుల మీదికి పోతుంది. తెల్లవారుజామునే గేదెల దగ్గరికి లేస్తాను కాబట్టి కునుకు కూడా పడుతుంది. పక్కనే మా తోటికోడలు కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థిస్తుంది, నాకు ఒక్క చుక్క రాదు. "ఒక్క గంటైనా నాతో మేల్కొని ఉండలేకపోయారా" అన్న వాక్యం మీద ఫాదర్ గారు ప్రసంగం చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మా ఆయనేమో ఊరికే కూర్చుని రావడానికి అంత దూరం వెళ్ళాలా అంటారు. నాలో విశ్వాసం లేదా? ఇంకోటి, కాసేపు నిశ్శబ్దం ఉంటే బాగుండునని నాకు ఉంది. అది ఫాదర్ గారిని అడగొచ్చా?

సమాధానం: చెల్లీ, విశ్వాసం లేని మనిషి గేదెల పని, వంట పని, పొలం పని అన్నీ ముగించుకుని, సాయంత్రం మళ్ళీ స్నానం చేసి, తల మీద కొంగు కప్పుకుని గుడికి వచ్చి గంటసేపు చాప మీద కూర్చోదు. ఆ ప్రశ్నను ముందు అవతల పెట్టు. ప్రార్థన బాగా జరిగిందంటే మనసు కదలాలి, కళ్ళు తడవాలి, ఒళ్ళు పులకరించాలి, అవేవీ లేకపోతే మనలో ఏదో లోపం ఉన్నట్టే అని ఎలాగో మనందరికీ ఒక లెక్క పడిపోయింది. మన శ్రీసభ, అంటే కతోలిక సంఘం మాత్రం ఎప్పుడూ అలా చెప్పలేదు.

కునుకు సంగతి ముందు చూద్దాం, ఎక్కువ భయపడుతున్నది దానికే కదా. లిసియు మఠంలో ఉన్న పునీత చిన్న తెరేజమ్మ తెలుసుగా, గులాబీలు పట్టుకుని ఉండే స్వరూపం చాలా గుళ్ళలో ఉంటుంది. 24 ఏళ్ళకే 1897లో చనిపోయింది, 1997లో శ్రీసభ ఆమెను వేదపండితురాలిగా, అంటే విశ్వాస బోధనలో అందరికీ గురువుగా ప్రకటించింది. ఆమె ప్రార్థన సమయంలో ఏళ్ళ తరబడి నిద్రపోయేది. దాచుకోకుండా తనే రాసుకుంది. పిల్లలు మేలుకుని ఉన్నా నిద్రపోతున్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అని ధైర్యం తెచ్చుకుంది. నాలుగింటికి లేచిన ఒంటికి సాయంత్రం ఏడింటికి, ఫ్యాన్ కింద, కొవ్వొత్తుల వెలుగులో, సాంబ్రాణి పొగలో కునుకు పట్టడం పాపం కాదు. ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పుకోవాల్సిన పని కూడా లేదు. వీలైతే ఆ ఒక్క శుక్రవారం మధ్యాహ్నం అరగంట నడుం వాల్చు. మరీ తూలుతున్నావనిపిస్తే లేచి గోడ పక్కన కాసేపు నిలబడు. ఆరాధనలో నిలబడకూడదని ఎవరూ అనలేదు.

ఇక ఆ "ఒక్క గంట" వాక్యం. సిలువ మరణానికి ముందు రాత్రి గెత్సేమని తోటలో యేసు తన ముగ్గురు శిష్యులతో అన్న మాట అది. మత్తయి సువార్త 26వ అధ్యాయం తీసి ఆ ఒక్క మాట దగ్గరే ఆగకుండా కిందిదాకా చదువు. ఆయన మూడుసార్లు వాళ్ళ దగ్గరికి వచ్చాడు. నిద్రపోతున్నారని తెలిసి కూడా వచ్చాడు. ఆత్మకు ఆసక్తి ఉంది గానీ దేహమే బలహీనంగా ఉందని వాళ్ళ తరఫున ఆయనే చెప్పాడు. చివరికి, లేవండి వెళ్దాం అన్నాడు, మీరిక్కడే పడుండండి నేను వెళ్తాను అనలేదు. నిద్రపోయిన ఆ ముగ్గుర్నీ వెంటబెట్టుకునే వెళ్ళాడు. ఫాదర్ గారు ఆ ప్రసంగం చెప్పింది గుడికే రాకుండా ఇంట్లో ఉండిపోయేవాళ్ళను కదిలించడానికై ఉంటుంది. అలాంటి మాటలు తరచూ రానివాళ్ళను వదిలేసి వచ్చి కూర్చున్నవాళ్ళకే గుచ్చుకుంటాయి, ఏం చేస్తాం.

అసలు ఇలా గంటసేపు ఆరాధనలో కూర్చునే ఈ పవిత్ర గడియ అనేది ఆ తోట దగ్గరే పుట్టింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులోని పారే-ల-మోనియాల్ మఠంలో పునీత మార్గరీతు మరియమ్మకు యేసు తిరుహృదయ దర్శనాలు కలిగినప్పుడు, గురువారం రాత్రి ఒక గంట, ఆ తోటలో తాను అనుభవించిన వేదనలో తనకు తోడుగా ఉండమని ప్రభువు అడిగాడు. మనం చేసే మొదటి శుక్రవారం భక్తి కూడా ఆ దర్శనాల నుంచి వచ్చిందే. అంటే ఆ గంటలో మన నుంచి ఆయన కోరుకున్నది తోడు. మనం ఎంత బాగా మాట్లాడాం, ఎన్ని స్తుతులు చెప్పాం, ఎంత ఏడ్చాం అన్నది ఆ తర్వాతి మాట. ఈ సంగతి ఒంటబడితే నీ టెన్షన్ సగానికి సగం పోతుంది.

మీ ఆయన "ఊరికే కూర్చోవడం" అంటున్నారంటే దానికీ జవాబు ఇదే. ఫ్రాన్సులో ఆర్స్ అనే పల్లెలో పునీత జాన్ మరియ వియాన్ని గారు విచారణ గురువుగా ఉన్నప్పుడు, 1859లో ఆయన చనిపోయేదాకా అక్కడే ఉన్నారులే, ఒక రైతు రోజూ గుడికొచ్చి దివ్యసత్ప్రసాదం భద్రపరిచే మందసం ముందు పెదవి కదపకుండా కూర్చునేవాడట. ఏం చేస్తున్నావయ్యా అని అడిగితే "నేను ఆయన్ని చూస్తున్నాను, ఆయన నన్ను చూస్తున్నాడు" అన్నాడు. శ్రీసభ సత్యోపదేశం అనే బోధనా గ్రంథంలో, ప్రార్థన గురించి చెప్పే నాలుగో భాగంలో, ఈ రైతు మాటనే తీసుకుని మౌన ప్రార్థన అంటే ఏమిటో వివరించారు. పెద్ద పెద్ద వేదాంతులు ఉండగా ఒక పొలం మనిషి మాట అక్కడికి ఎక్కింది చూడు. మీ ఆయనకు ఈ సంగతి చెప్పు, వాదన పెట్టుకోకుండా చెప్పు. ఇంకా కావాలంటే మదర్ తెరేసా సంగతి కూడా చెప్పు. కలకత్తా వీధుల్లో చేయాల్సిన పనికి అంతే లేని ఆ సిస్టర్లు 1973 నుంచి రోజుకో గంట ఆరాధన కూడా పెట్టుకున్నారు. పని ఎక్కువై చేతులు చాలని వాళ్ళకే ఆ గంట అవసరమనిపించింది.

మనసు పరిగెత్తడం గురించి. ఇది నీ ఒక్కదానికే అనుకోకు. అవిలా తెరేజమ్మ, మౌన ప్రార్థన గురించి ఆమెంత వివరంగా రాసినవాళ్ళు తక్కువ, 1970లో వేదపండితురాలిగా ప్రకటించిన మొదటి స్త్రీ ఆమే, అలాంటి ఆమె కూడా కొన్నేళ్ళపాటు ఆ గంట ఎప్పుడైపోతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నానని రాసుకుంది. అయినా మనసును బలవంతపెట్టుకుని వెళ్ళేది. సత్యోపదేశం కూడా ఈ విషయంలో చాలా సూటిగా మాట్లాడుతుంది: వచ్చే ఆలోచనల వెంటపడి వాటిని తరమబోతే వాటి ఉచ్చులోనే పడతాం, చేయాల్సిందల్లా మనసును మళ్ళీ ఆయనవైపు తిప్పుకోవడమే అంటుంది. చీటీ గుర్తొచ్చిందా, "ఛీ, ఆరాధనలో డబ్బు ఆలోచన ఏమిటి" అని నిన్ను నువ్వు తిట్టుకోకు. తిట్టుకుంటూ కూర్చుంటే ఆ పది నిమిషాలూ నీ గురించే ఆలోచించినట్టవుతుంది. ఆ చీటీనే ఆయన ముందు పెట్టు. "ప్రభువా, వచ్చే నెల పాట నాకు రాకపోతే ఫీజు కట్టలేను, చూసుకో" అను. అది ప్రార్థనే, అచ్చమైన ప్రార్థన. అబ్బాయి గుర్తొస్తే అబ్బాయి పేరు చెప్పి ఆగిపో, వాడి సబ్జెక్టులన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. చెప్పాల్సింది చెప్పేశాక మళ్ళీ కళ్ళు పీఠం మీదికి తిప్పు. గంటలో ఇరవైసార్లు మనసు పోతే ఇరవైసార్లు వెనక్కి తెచ్చుకో. విసుక్కోకుండా తెచ్చుకోవడమే ఆ రోజుకి నీ ఆరాధన అనుకో.

కళ్ళు మూసుకోవాలన్న నియమం కూడా ఏమీ లేదు. నిద్ర వచ్చేవాళ్ళకు అసలు మంచిది కాదు. కళ్ళు తెరిచే ఉండు. ఆ ఆరాధన పాత్రను సరిగ్గా చూడు: చుట్టూ బంగారు రంగు కిరణాలు, వాటి మీద పడి మెరిసే కొవ్వొత్తులు, ఫ్యాన్ గాలికి ఒకవైపే వంగుతున్న మంటలు, ఇవన్నీ దాటుకుని మధ్యలో గుండ్రటి గాజు వెనక ఆ తెల్లటి అప్పం. అంత హంగు చుట్టూ పెట్టుకుని లోపల ఆయన ఎంచుకున్న రూపం చూడు, ఏ అలంకారమూ లేదు, మన అరచేతిలో పట్టేంత. పూజలో మనం స్వీకరించేది ఆయన్నే, ఆరాధనలో ఎదురుగా ఉన్నదీ ఆయనే. సాయంత్రం పూజలో భోజనంగా వచ్చినవాడు పూజ అయ్యాక కూడా మన కోసం ఉండిపోయాడన్న ఒక్క ఆలోచనతో చాలాసేపు కూర్చోవచ్చు. ఏమీ తోచకపోతే సువార్తలోంచి ఒకే ఒక్క మాట పట్టుకుని వెళ్ళు. మార్కు సువార్త 10వ అధ్యాయంలో గుడ్డివాడైన బర్తిమయిని యేసు, నీకు ఏం చేయమంటావు అని అడుగుతాడు. ఆ ప్రశ్న నిన్నే అడిగినట్టు విను. జవాబు వెంటనే చెప్పకు, నిజంగా నీకు ఏం కావాలో కాసేపు వెతుక్కో. జపమాల చెప్పుకుంటే మనసు నిలబడుతుందంటే అదీ మంచిదే, గబగబా కాకుండా చెప్పుకో.

తోటికోడలి సంగతి సున్నితమైంది, ఒకే ఇంటి కోడళ్ళు కదా. ఆమె కన్నీళ్ళు నిజమైనవే అనుకో, అనుమానించకు. కన్నీళ్ళు దేవుడు ఇచ్చే వరం, కొందరికి కొన్నాళ్ళు ఇస్తాడు. ఇవ్వనివాళ్ళ మీద కోపమున్నట్టు కాదు. మదర్ తెరేసా ఉత్తరాలు 2007లో బయటికొచ్చినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది. దాదాపు యాభై ఏళ్ళు ఆమెకు ప్రార్థనలో ఏ ఊరటా దొరకలేదు, దేవుడు లేనట్టే, తనను వద్దనుకున్నట్టే అనిపించేదని రాసుకుంది. ఆ యాభై ఏళ్ళూ ఆమె తెల్లవారకముందే లేచి మందసం ముందు మోకరించింది, తర్వాత వెళ్ళి రోగుల పుళ్ళు కడిగింది. శ్రీసభ 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించేటప్పుడు ఈ ఉత్తరాల సంగతి అందరికీ తెలుసు. నీ పక్కన కూర్చున్న మనిషి ముఖం చూసి నీ ప్రార్థనను తూచుకోవడం మాత్రం మానెయ్. నిజంగా ఏదైనా చూసుకోవాలంటే ఇంటికెళ్ళాక చూసుకో. శనివారం పొద్దున అత్తగారి మీద విసుగు కాస్త తగ్గిందా, అప్పు అడిగిన పక్కింటామెకు కాదని చెప్పాల్సి వచ్చినా మంచిగా చెప్పగలిగావా, అంతే. అదీ నెమ్మది మీద తెలుస్తుంది, ఒక్క నెలలో తెలియదు. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో. ప్రార్థనలోనే కాకుండా అన్నం దగ్గరా, పిల్లల దగ్గరా, పొలంలోనూ ఏదీ పట్టనట్టు, వారాల తరబడి మనసు మొద్దుబారినట్టు ఉంటే అది వేరే విషయం, డాక్టర్ దగ్గరికి వెళ్ళు. అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు ఫాదర్ గారిని అడగడం. తప్పకుండా అడగొచ్చు, అడగాలి కూడా. నువ్వు కోరుతున్నది నీ సొంత ఇష్టం మాత్రమే కాదు. దివ్యసత్ప్రసాద ఆరాధనకు సంబంధించి 1973లో రోము నుంచి వెలువడిన క్రమంలోనే, అంటే దాన్ని ఎలా జరపాలో చెప్పే పుస్తకంలోనే ఉంది: ఆరాధన సమయంలో పాటలు, ప్రార్థనలు, పఠనాలు ఉండాలి, వాటితోపాటు తగినంత సేపు పవిత్ర మౌనమూ ఉండాలి. కేవలం చివరి ఆశీర్వాదం ఇవ్వడం కోసమే దివ్యసత్ప్రసాదాన్ని బయట ఉంచడం కూడా ఆ క్రమం ఒప్పుకోదు, జనం కాసేపు వాక్యంతో, మౌనంతో గడపాలనే అలా పెట్టారు. స్తుతి ఆరాధన తప్పు అని నేను అనడం లేదు, ఈ విషయం స్పష్టంగా చెప్పాలి. కీర్తనల గ్రంథం నిండా చప్పట్లూ, తంత్రీవాద్యాలూ, తాళాలూ ఉన్నాయి. 1967లో మొదలైన, పాటలతో స్తుతులతో ప్రార్థించే కరిస్మాటిక్ ఉద్యమం వల్ల గుడి మొహం చూడనివాళ్ళు ఎంతోమంది మళ్ళీ ప్రార్థనలోకి వచ్చారు, మన తెలుగు విచారణల్లోనూ వచ్చారు. కానీ గంటంతా ఒకరు మైకు దించకుండా మాట్లాడుతూ ఉంటే, నోరు తిరగని ముసలమ్మ, ఇంట్లో గొడవపడి వచ్చిన కోడలు, ఉద్యోగం పోయి ఎవరికీ చెప్పుకోలేని కుర్రాడు, వీళ్ళు తమ మాట ఎప్పుడు చెప్పుకుంటారు? నా మటుకు నాకు మన గుళ్ళలో ఇవాళ కరువైంది పాటలు కాదు, ఆ పది నిమిషాలే. ఇది చాలా బాధతో చెబుతున్నాను.

ఎలా అడగాలో కూడా చెబుతా. విచారణ వాట్సాప్ గ్రూపులో పెట్టకు. పూజ అయ్యాక గుడి మెట్ల మీద పదిమందిలో అడగకు. మరియమ్మ పేరున కలిసి ప్రార్థించే మరియ దళంలో నీలాగే అనుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ళను వెంటబెట్టుకుని మామూలు రోజు సాయంత్రం ఫాదర్ గారి బంగళాకు వెళ్ళు. పాటలు ఎక్కువయ్యాయని మొదలుపెట్టకు, "ఫాదర్ గారూ, వాక్యం చదివాక పది నిమిషాలు మైకూ కీబోర్డూ ఆపితే మాకు ప్రార్థించుకోవడానికి వీలవుతుంది" అను. ఆయనకుండే భయం ఏమిటంటే, చప్పుడు ఆగితే జనం కదులుతారు, గుసగుసలు మొదలవుతాయి, వెనక తలుపు దగ్గర నిలబడిన మగవాళ్ళు బయటికి జారుకుంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకని ముందే ఒక మాట చెప్పమను: ఇప్పుడు కొంతసేపు మౌనంగా ఉందాం, ఈ ఒక్క వాక్యం మనసులో పెట్టుకోండి, తర్వాత ఫలానా పాటతో మళ్ళీ మొదలుపెడదాం అని. అలా చెప్పకపోతే మైకు పోయిందనుకుని ఎవరో ఒకరు లేచి ప్లగ్ చూడటానికి వెళ్తారు. మొదటి నెల అయిదు నిమిషాలు చాలు, అలవాటయ్యాక పెంచొచ్చు. క్వయిర్ పిల్లలతో కూడా నువ్వే వెళ్ళి మాట్లాడు. వాళ్ళు కాలేజీ నుంచి వచ్చి, తిండి కూడా తినకుండా ప్రాక్టీసు చేసి పాడతారు. మీ పాటలు వద్దన్నట్టుగా ఆ మాట వాళ్ళకు చేరితే మనసు విరిగిపోతుంది.

ఫాదర్ గారికి విచారణ కింద చూసుకోవాల్సిన ఉపగ్రామాలు ఎక్కువుండి ప్రతి నెలా కుదరడం లేదంటే, దానికీ దారి ఉంది. శ్రీసభ చట్టం 943వ సూత్రం ప్రకారం, పీఠాధిపతుల (బిషప్పుల) నిబంధనలకు లోబడి, అనుమతి పొందిన సిస్టర్ గారో మరొకరో దివ్యసత్ప్రసాదాన్ని ఆరాధనకు ఉంచి మళ్ళీ మందసంలో భద్రపరచవచ్చు. ఆశీర్వాదం మాత్రం ఇవ్వకూడదు, అది గురువులూ, వాళ్ళ తర్వాతి హోదాలో ఉండే డీకన్లూ ఇవ్వాల్సిందే. మీ మేత్రాసనంలో, అంటే మీ పీఠాధిపతి గారి పరిధిలో ఎలా ఉందో ఫాదర్ గారిని అడిగితే చెబుతారు.

మోకాళ్ళ గురించి నువ్వు అడగలేదు గానీ గేదెల పని చేసే ఆడవాళ్ళకు మోకాళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. మోకరించలేకపోతే నిలబడి, చేతులు జోడించి, నడుం వంచి నమస్కరించు. మన దేశపు పద్ధతులుగా పూజలో వాడుకోవచ్చని రోము 1969లో ఒప్పుకున్న పన్నెండు అంశాల్లో మోకరించడానికి బదులు ఇలా నమస్కరించే పద్ధతి కూడా ఉంది. కుర్చీలో కూర్చుంటే భక్తి తక్కువని ఎవరైనా అంటే పట్టించుకోకు.

ఒకవేళ ఫాదర్ గారు ఇప్పుడు కుదరదన్నారే అనుకో. మౌనం కోసం మొదటి శుక్రవారం దాకా ఆగాల్సిన పని లేదు. ఆరాధన పాత్రలో ఉన్నా, మూసి ఉన్న మందసంలో ఉన్నా ఆయన ఆయనే. ఆ పక్కన దీపం వెలుగుతోందంటే లోపల ఉన్నాడనే. నమ్మినవాళ్ళు వచ్చి దివ్యసత్ప్రసాదం ముందు ప్రార్థించుకునేందుకు, గట్టి కారణం ఉంటే తప్ప, గుడిని రోజూ కొన్ని గంటలైనా తెరిచి ఉంచాలని అదే చట్టం 937వ సూత్రం చెబుతుంది. దొంగల భయంతో మన ఊళ్ళలో చాలా గుళ్ళు తాళం వేసే ఉంటున్నాయి, కాదనను, కానీ తాళం ఊళ్ళో వాక్యం నేర్పే ఉపదేశి గారి దగ్గరో సిస్టర్ల దగ్గరో ఉంటుంది. ఊళ్ళో పాలకేంద్రానికి పాలు పోసి తిరిగి వచ్చేటప్పుడు గుడి దారిలోనే పడుతుందనుకుంటా. వారంలో ఒక్కరోజు, ఒక పావుగంట, తెరిచి ఉంచమని అడుగు. ప్రతి వారం అదే రోజు, ఒకే వేళకు వస్తానని చెబితే వాళ్ళకూ సులువు. మీ ఊరి గుడిలో మందసం లేకపోతే, చిన్న ఉపగ్రామాల్లో ఉండకపోవచ్చు, ఇంట్లోనే తిరుహృదయ పటం ముందు ఆ పావుగంట కూర్చో, ఫోన్ వేరే గదిలో పెట్టి.

మీ ఆయన్ని కూడా ఒక్కసారి వెంట రమ్మను. బలవంతం చేయకు, బండి మీద దించి బయట ఎదురుచూసే బదులు లోపల కూర్చోమను చాలు. ఫాదర్ గారు ఆ పది నిమిషాల గురించి ఏమన్నారో మాత్రం తప్పకుండా రాయి.